వేలిముద్ర పడలేదని వరదలో బియ్యం ఆపకండి

విపత్తు సహాయం చూసే గౌరవ మంత్రి గారికి,

నమస్కారం. రాయలచెరువు కట్ట దిగువన ఉండే రైతును. వరదలో రేషన్ బియ్యం అందలేదని సోమవారం గ్రీవెన్స్‌లో మేమిచ్చిన అర్జీలన్నిటికీ ‘పరిష్కారమైంది’ అని మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కారమైందో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. అందుకే అందరి ముందూ అడుగుతున్నాను.

2021 నవంబరులో కట్ట లీకై ఊళ్లు ఖాళీ చేసిన సంగతి మీకు తెలియనిది కాదు. అప్పటి నుంచి వాన గట్టిగా పడితే చాలు, మాకు నిద్ర ఉండదు.

పోయిన తుపానుకు కరెంటు పోయింది, టవర్ పోయింది. సరుకు మాత్రం వచ్చింది. రేషన్ స్టోరు ముందు మూటలు కళ్లెదుటే ఉన్నాయి, పంచడానికి వేలిముద్ర మిషన్ ఒప్పుకోలేదు. చెరుకు నరికి నరికి గీతలు అరిగిపోయిన చేతులు మావి. ఒక పెద్దావిడ బొటనవేలు కొంగుకు తుడుచుకుని, నూనె రాసిన తలకు రుద్దుకుని మళ్లీ మళ్లీ పెట్టింది. సర్వర్ లేదని చెప్పి పంపేశారు. తడి బట్టలతోనే వెళ్లిపోయింది. ఆఫీసు కంప్యూటర్లో అప్పటికే మా ఊరికి బియ్యం చేరినట్టుంది! లారీ చేరింది సార్, బియ్యం మా ఇళ్లకు చేరలేదు.

మిషన్లు వద్దని మేం అనడం లేదు. జీపీఎస్ ఉంటే లారీ దారి తప్పదు, ఈపాస్ అనే ఈ వేలిముద్ర మిషన్ ఉంటే దొంగ కార్డులు ఆగుతాయి. 2024లో విజయవాడ వరదల్లో డ్రోన్లతో అన్నం పొట్లాలు అందించారు, సంతోషించాం. జోర్డాన్ శరణార్థి శిబిరాల్లో కంటిపాప చూసి సరుకులిచ్చారట. వేళ్లు అరిగినవాళ్లకు అదీ ఒక దారే. కానీ సిగ్నల్ లేనప్పుడు ఏం చేయాలో ముందే రాసిపెట్టకపోతే వేలైనా కన్నైనా ఒకటే. దొంగతనం ఆపడానికి పెట్టిన తాళం ఆకలితో ఉన్నవాళ్లకే అడ్డం పడుతోంది.

దయచేసి తుపాను హెచ్చరిక రాగానే కార్డుల జాబితా మిషన్‌లోకి ఎక్కించండి. సిగ్నల్ లేకున్నా సరుకు ఇచ్చి, లెక్క తర్వాత పంపుకునే వీలు కల్పించండి. మిషన్‌కు అదనపు బ్యాటరీ ఇవ్వండి. అదీ పనిచేయకపోతే సంతకం తీసుకుని ఇచ్చే అధికారం డీలరుకు రాతపూర్వకంగా ఇవ్వండి, ఆయనా టెన్షన్ పడకుండా ఇస్తాడు. సరుకు చేరిందని లారీ ఆగినప్పుడు కాదు, మనిషి చేతికి అందాకే రాయించండి.

అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు వస్తాయి. ఆలోపే ఉత్తర్వు ఇవ్వండి సార్, మీకు పుణ్యముంటుంది.

ఇట్లు,
రాయలచెరువు ఆయకట్టు రైతు,
తిరుపతి జిల్లా