అమ్మకాలు పెరిగాయి, లాభం మిగలలేదు: మా ఖాతాదారులకు ఒక వివరణ

గడిచిన మూడు నెలల్లో మేము మునుపెన్నడూ లేనన్ని ఫోన్లు అమ్మాము. అయినా అద్దె, జీతాలు, వడ్డీ పోగా లెక్కలో తేలింది నష్టమే. రెండో కౌంటరు మూసేస్తున్నందుకు రకరకాల కారణాలు ప్రచారంలో ఉన్నాయి కనుక, మొదటి నుంచీ మా దగ్గరే కొంటున్న మీకు అసలు సంగతి నేనే చెప్పడం న్యాయమనిపించింది.

హ్యాండ్‌సెట్ల మీద మార్జిన్ చాలా సన్నం. కవర్లు, ఛార్జర్లు, రిపేర్లు దుకాణం ఖర్చులను మోస్తాయి. ఫోన్ల మీద మాకు నికరంగా మిగిలేది చాలావరకు సరుకిచ్చే డిస్ట్రిబ్యూటర్ పెట్టిన టార్గెట్ దాటితే వచ్చే ఇన్సెంటివే. అమ్మకాల జోరు చూసి నేను వాపును బలుపనుకున్నాను. ఇన్సెంటివ్ వస్తుందన్న ధీమాతో అప్పు తెచ్చి సరుకు నింపాను, కొత్త మోడల్ కావాలంటే కదలని పాత మోడల్ కూడా ఎత్తాలన్న షరతుకు తలూపాను. ఆ తప్పు పూర్తిగా నాది. అయితే పాత మోడల్ ధర తగ్గినప్పుడు, మిగిలిన స్టాకుకు తేడా సర్దుతామని డిస్ట్రిబ్యూటర్ మనిషి నోటితో ఇచ్చిన హామీ మాత్రం ఇప్పటికీ కాగితం మీదికి రాలేదు.

మూడో నెల చివరికి టార్గెట్‌కు 40 ఫోన్లు తక్కువ పడ్డాయి. అమ్మకపోయినా ఫర్వాలేదు, పెట్టెలు తెరిచి యాక్టివేట్ చేస్తే చాలు, లెక్కలో పడిపోతాయని ఆ డిస్ట్రిబ్యూటర్ మనిషి సలహా ఇచ్చాడు. ఈ వ్యాపారంలో అమ్మకాన్ని చాలాచోట్ల యాక్టివేషన్‌ను బట్టే లెక్కిస్తారు. ఫోను మొదటిసారి ఆన్ అయి నెట్‌కు కలిసినప్పుడు దాని 15 అంకెల ఐఎంఈఐ (ఒక్కో ఫోనుకు విడిగా ఉండే గుర్తింపు నంబరు) పేరిట ఆ తేదీ కంపెనీ దగ్గర నమోదవుతుంది. వారంటీ కూడా ఆ రోజు నుంచే మొదలైతే, తరువాత ఎప్పుడో కొన్నవారికి కొన్ని వారాలో నెలలో తెలియకుండానే కోతపడుతుంది.

ఆ రాత్రి షట్టరు సగం దించి, 40 పెట్టెలు బల్ల మీద పేర్చుకుని కూర్చున్నాను. దాచడం దేనికి, మూడింటి సీలు తెరిచాను కూడా. మూడో ఫోను తెర మీద భాష ఎంచుకోమన్న పేజీ దాటిస్తుంటే, కిందటి వారమే "సీలు మీరే తియ్యండి, మీ మీద నమ్మకముంది" అని పెట్టె నా చేతికిచ్చిన పెద్దాయన గుర్తొచ్చారు. తక్కిన 37 పెట్టెలను తిరిగి బీరువాలో పెట్టాను. ఇన్సెంటివ్ పోయింది. అందరూ చేసేదే కదా, ఈ మడి ఎందుకని మరునాడు డిస్ట్రిబ్యూటర్ మనిషి నవ్వాడు. ఆ నవ్వు నాకు నష్టం కంటే ఎక్కువగా గుచ్చుకుంది. వ్యాపారం తెలియనివాడినని ఆయన అనుకుంటే అనుకోనివ్వండి, ఆ 37 పెట్టెలూ సీలుతోనే అమ్ముతాను, ఎన్నాళ్లు పట్టినా సరే.

తెరిచిన మూడింటిలో రెండు, యాక్టివేషన్ తేదీ బిల్లు మీద రాసి, తగ్గించిన ధరకు అమ్మాము. మూడోది నేనే వాడుతున్నాను.

ఇకపై అప్పుతో సరుకు తీసుకోము కనుక, కొత్త మోడళ్లు మా దగ్గరికి కొంత ఆలస్యంగా వస్తాయి. అరువు అమ్మకాలు ఆపేశాము. పాత బాకీలున్నవారు వీలైనంత త్వరగా తీర్చాలని కోరుతున్నాను. అడ్వాన్సు ఇచ్చినవారు ఆగలేమంటే మొత్తం వెనక్కిస్తాము. రిపేర్లు, వాటిపై మేమిచ్చిన హామీలు యథాతథం. కొనేటప్పుడు సీలు మీ ఎదుటే తీస్తాము. *#06# నొక్కి, తెర మీద కనబడే ఐఎంఈఐ నంబరును పెట్టె మీదా బిల్లు మీదా ఉన్న నంబర్లతో మీరే సరిచూసుకోండి. మేము తొందరలో ఉన్నట్టు కనిపించినా, ఆ నిమిషం మమ్మల్ని ఆపండి.