టైఫాయిడ్ క్రిమి మూటలో ఏముంది?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వానాకాలం మా బాబుకు జ్వరం వారమైనా తగ్గలేదు. మా వీధి మందుల షాపులో చీటీ అడగకుండానే రెండు రకాల యాంటీబయాటిక్స్ ఇచ్చారు. రెండూ సగంలో ఆపేశాం, అది మా తప్పే. చివరికి రక్తం కల్చర్ (రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్ష) చేయిస్తే టైఫాయిడ్ అని తేలింది.

ఆ టెన్షన్‌లో దాని గురించి చదువుతుంటే జూలియన్ పార్క్‌హిల్ పేరు తగిలింది. బ్యాక్టీరియాల జన్యుక్రమాలు, అంటే వాటి డీఎన్‌ఏలోని అక్షరాల వరుసలు, చదవడమే ఆయన పని. ఇంగ్లండ్‌లోని సాంగర్ పరిశోధనా కేంద్రంలో ఆయన బృందం 2001లో టైఫాయిడ్ క్రిమి జన్యుక్రమాన్ని, దాదాపు 48 లక్షల అక్షరాలను, పూర్తిగా చదివింది. ఆ క్రిమి వియత్నాంలో తొమ్మిదేళ్ల పాప నుంచి తీసింది. మా వాడి వయసూ అంతే! అందులో 200కు పైగా జన్యువులు పాడై ఉన్నాయి. అది మనిషిని తప్ప వేరే జీవిని పట్టకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చని వాళ్ల అంచనా. నన్ను భయపెట్టింది మాత్రం ఆ క్రిమిలోని ప్లాస్మిడ్. చిన్న డీఎన్‌ఏ చుట్ట. పలు మందులకు లొంగని గుణాలన్నీ అందులో మూటగట్టి ఉన్నాయి. ఆ మూట ఒక క్రిమి నుంచి మరో క్రిమికి చేతులు మారుతుంది.

సగం వాడిన మా గోలీలు ఇలాంటి మొండి క్రిములకే మేలు చేస్తాయి కదా. ఓరుగల్లు బస్తీల్లో జ్వరాల కాలం రాకముందే, ఏ మందు పనిచేస్తుందో చెప్పే కల్చర్ పరీక్షను పేదలకు దగ్గర్లో ఉచితంగా అందించాలి. చీటీ లేని అమ్మకాలపై తనిఖీలు జరపాలి.

– ఒక తండ్రి, హనుమకొండ