కీళ్ల నొప్పి అనగానే వయసు మీద నెట్టేయకండి

సంపాదకులకు నమస్కారం.

కీళ్ల నొప్పులని ఎవరు వెళ్లినా 'వయసు మీద పడుతోంది కదా' అని నాలుగు నొప్పి మాత్రలు రాసి పంపడం మామూలైపోయింది. మా అక్కకు 36 ఏళ్లకే ఆ మాట చెప్పారు. పొద్దున్నే కుళాయి తిప్పాలంటే వేళ్లు ముడుచుకోక, రెండు అరచేతుల మధ్య పట్టి తిప్పేది. సీసా మూత తీయమని పిల్లాడి చేతికిచ్చేది. పది దాటేసరికి చేతులు సాగి మామూలుగా పని చేసుకునేది. దాంతో ఇంట్లో వాళ్లమే బద్ధకం అనుకున్నాం. తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. రెండేళ్ల తర్వాత ఒక డాక్టరమ్మ 'లేచాక వేళ్లు ఎంతసేపు బిగుసుకుని ఉంటాయమ్మా?' అని అడిగారు. అప్పుడు గానీ అది రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని బయటపడలేదు. అప్పటికే కుడిచేతి రెండు వేళ్లు వంకర తిరిగాయి. అవిక తిన్నగా రావు.

కీళ్ల అరుగుదల వల్ల వచ్చే నొప్పి నడిస్తే, మెట్లెక్కితే పెరుగుతుంది, కాసేపు కూర్చుంటే నెమ్మదిస్తుంది. పొద్దుటి బిగుతు చాలామందిలో అరగంట లోపే వదిలేస్తుంది. రుమటాయిడ్ అలా కాదు. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే కీలు లోపలి పొర మీద పడుతుంది. రెండు చేతులకూ వేళ్ల మొదళ్లలో వాపు, గంటకు పైగా బిగుతు, ఊరికే నీరసం. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. మొదటి నెలల్లోనే ఆ దాడిని అణిచే మెథోట్రెక్సేట్ లాంటి మందు మొదలుపెడితే చాలామందికి కీళ్లు దక్కుతాయి. నొప్పి మాత్ర బాధను తగ్గిస్తుందే తప్ప ఎముకను తినే జబ్బును ఆపదు. పైగా ఏళ్ల తరబడి మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీలకు చేటు.

మిగతావీ ఇలాగే ఒకే గాటన కట్టేస్తున్నారు. అర్ధరాత్రి కాలి బొటనవేలు ఎర్రగా వాచి దుప్పటి తగిలినా ఓర్వలేకపోతే అది గౌట్ కావచ్చు, అంటే కీలులో యూరిక్ యాసిడ్ స్ఫటికాలు చేరడం. ఎముకలు గుల్లబారితే అసలు నొప్పే ఉండదు, చిన్నగా జారిపడి తుంటి విరిగాకే తెలుస్తుంది. భుజం పట్టేసి చెయ్యి పైకి లేవకపోవడం షుగరున్న వాళ్లలో ఎక్కువ. జ్వరంతో ఒక కీలు వేడెక్కి వాచినా, నడుము నొప్పితో పాటు మూత్రం మీద పట్టు తప్పినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, మర్నాటి దాకా ఆగకూడదు.

ప్రపంచంలో సుమారు 171 కోట్ల మంది ఎముకలు, కీళ్లు, కండరాల జబ్బులతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇంతమందిని మొదట చూసేది నిపుణులు కారు, దగ్గరలోని చిన్న ఆసుపత్రి సిబ్బంది. అందుకే ఆరోగ్య శాఖలకు నా విన్నపం ఒక్కటే: ఓపీ చీటీ మీదే 'పొద్దుటి బిగుతు ఎన్ని నిమిషాలు?' అని ఒక గడి అచ్చు వేయించండి. గంట దాటిందని రాసిన ప్రతివారినీ నొప్పి మాత్రలతో ఇంటికి పంపకుండా ఇలాంటి కీళ్ల జబ్బులు చూసే నిపుణుల (రుమటాలజిస్టు) దగ్గరకు పంపండి. అక్టోబరు 12 ప్రపంచ ఆర్థరైటిస్ దినం. ఆ రోజు మీ పత్రికలోనూ ఈ ప్రశ్నను పెద్ద అక్షరాల్లో వేయమని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు