ఈ నెల వార్తాలేఖ: ఓవెన్ కొనకండి బాబూ

అమ్మలకి, నాన్నలకి, ఈ కాగితాన్ని నిజంగా చివరిదాకా చదివే నానమ్మలకి తాతయ్యలకి నమస్కారం.

మిగిలిపోయిన వాటితో పాత కుక్కర్లో కేక్ చేద్దామని స్కూల్లో అనుకున్నాం, పిల్లలు ఇంటికొచ్చి ఏం చెప్పారో గానీ సోమవారం నుంచి నాకు ఒకటే ఫోన్లు, పాతపట్నం నుంచి ఒకాయనైతే "ఏటి మాస్టారూ, ఎన్ని లీటర్ల ఓవెన్ కొనమంటారు" అని అడిగారు, ఇంకొకావిడ బేకరీ నుంచి కేక్ తెచ్చి ఇంట్లో చేశామని పంపితే తప్పా అని అడిగారు. తప్పేనండీ. ఓవెన్ వద్దు, బేకరీ కేక్ వద్దు, అసలు ఈ పని కోసం కొట్టుకెళ్ళి ఏదీ కొనొద్దు, ఇంట్లో మిగిలిందే వాడాలి, మన రూల్ అదొక్కటే.

ఇదెలా మొదలైందంటే, వినాయక పూజకి మీరందరూ పంపిన అరటిపళ్ళు ప్రసాదం పంచాక కూడా మూడు అత్తాలు మిగిలాయి, బుట్టెడు కొబ్బరి చెక్కలు, కాస్త బెల్లం. రెండ్రోజులకి తొక్కలు నల్లబడి స్టాఫ్ రూమంతా ఆ వాసనే, ఆవులకి పెట్టేద్దాం అనుకుంటుంటే ఎనిమిదో క్లాసు పిల్ల ఒకత్తి "సార్, కేక్‌కి ఇలా నల్లబడినవే కావాలి" అంది. నిజమే, పండు మాగేకొద్దీ అందులో పిండి పదార్థం చక్కెరగా మారుతుంది, అందుకే పచ్చకాయలో లేని తీపి మాగినదాంట్లో ఉంటుంది. సైన్స్ టీచర్ వెంటనే దాన్ని పాఠం చేసేశారు, ఆవులకి మాత్రం తొక్కలే మిగిలాయి.

స్కూల్లో చేసేముందు ఇంట్లో ఒకసారి చేసి చూద్దామని, మా ఆవిడ ఊళ్ళో లేని రోజు చూసుకుని నేను మొదలెట్టాను. కుక్కర్ అడుగున ఉప్పు పోశాను, విజిల్ తీశాను, గ్యాస్కెట్ తియ్యడం మర్చిపోయాను. పావుగంటకి రబ్బరు కాలిన కంపు వీధి చివరిదాకా వెళ్ళింది. అదీ చాలక సోడా ఎక్కువైంది, బాగా పొంగుతుందని రెండు చెంచాలు వేశాలెండి, ఆ కేక్ తింటే సబ్బు ముక్క నమిలినట్టుంది. ఆవిడ వచ్చాక ఏం జరిగిందనేది ఈ వార్తాలేఖలో రాసే విషయం కాదు.

రెండోసారి స్కూల్లో పిల్లలతో చేసింది మాత్రం బాగా వచ్చింది, అది చెప్తాను. టీ తాగే స్టీలు గ్లాసే కొలత. మూడు నల్ల అరటిపళ్ళు చేత్తో మెదిపి, అర గ్లాసు పైన బెల్లం తురుము, అర గ్లాసుకి కొంచెం తక్కువ నూనె, అర గ్లాసు పుల్లపెరుగు వేసి కలిపారు. ఇంకో గిన్నెలో గ్లాసు గోధుమపిండి, అర గ్లాసు చోడిపిండి (రాగిపిండే లెండి), చిటికెడు ఉప్పు, ముప్పావు చెంచా వంట సోడా జల్లించి ఇందులో కలిపేశారు, ఎక్కువ గిలక్కొట్టకుండా. పెరుగు పుల్లగా ఉండడమే ఇక్కడ కీలకం, ఆ పులుపు సోడాకి తగిలితేనే గ్యాస్ పుట్టి పిండి పొంగుతుంది, తగిలిన క్షణం నుంచే పొంగడం మొదలవుతుంది కాబట్టి కలిపాక కబుర్లు చెప్పుకుంటూ కూర్చోకూడదు. ఉప్పు పోసిన పాత కుక్కర్ని ముందే పది నిమిషాలు వేడి చేసి, లోపల స్టాండ్ మీద నూనె రాసిన గిన్నె పెట్టి, సన్నని సెగ మీద ముప్పావుగంట. చుక్క నీళ్ళు పొయ్యకూడదు, గ్యాస్కెట్ విజిల్ రెండూ తీసెయ్యాలి (నన్ను చూసి నేర్చుకోండి), పొయ్యి దగ్గర పెద్దవాళ్ళు ఉండి తీరాలి. చీపురుపుల్ల కడిగి గుచ్చితే పిండి అంటకుండా రావాలి. గుడ్డు వెయ్యలేదు, గురువారం గుడ్డు ముట్టని ఇళ్ళు మన దగ్గర చాలా ఉన్నాయని.

ఇదంతా మనకి కొత్తేం కాదు కదా అని ఒక నానమ్మగారు గేటు దగ్గర నన్ను నిలదీశారు. మిగిలిన మినప రుబ్బు ఇనప మూకుట్లో పోసి మూత మీద నిప్పులు వేసి దిబ్బరొట్టె చేసేవాళ్ళం, అది బేకింగ్ కాదా అని. ఆవిడన్నదాంట్లో తప్పేముంది! పర్లాకిమిడిలో మన పక్కింటి ఒడియా వాళ్ళు జూన్‌లో రజో పండగకి చేసే పొడపిఠా కూడా అంతే, బియ్యం, మినప్పప్పు, బెల్లం, కొబ్బరి కలిపి అరిటాకులో చుట్టి రాత్రంతా నిప్పుల్లో వదిలేస్తారు. రజో మూడు రోజులూ ఆడవాళ్ళు రుబ్బడం వండడం చెయ్యరు, అందుకని ముందే చేసిపెట్టుకునే తిండి అది, నిలవ ఉంటుంది. పాలు విరిగిపోతే ఆ విరుగుడులో పంచదార, కాస్త రవ్వ కలిపి ఇదే కుక్కర్లో పెడితే ఒడియా వాళ్ళ మిఠాయి ఛెనాపొడ లాంటిదే వస్తుంది, పైన మాడితేనే దానికి రుచి. పొడ అంటేనే కాలినది అని అర్థం.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మిగిలింది వేరు, పాడైంది వేరు. బ్రెడ్ మీద బూజు కనబడితే ఆ ముక్క కోసేసి మిగతాది వాడొద్దు, మొత్తం పారెయ్యండి, బూజు కంటికి కనబడని మేర కూడా లోపలికి పాకి ఉంటుంది. చోడిపిండి చేదు తగిలినా, నూనె ముక్కిన వాసనొచ్చినా అంతే. విరిగిన పాలు కూడా కంపు కొడితే పారబొయ్యడమే. పొదుపు పేరు చెప్పి పిల్లల కడుపులు పాడుచెయ్యొద్దు.

నవంబర్ 10న మన ఒడిశాలో మాండియా దిబస కదా, మాండియా అంటే మన చోళ్ళే, ఆ రోజు పిల్లలందరికీ చోడి కేక్ చెయ్యాలని అనుకుంటున్నాం. ఆ వారం ఇంట్లో ఏది మిగిలితే అది పంపండి, గుప్పెడు చోడిపిండైనా, అడుగంటిన బెల్లమైనా, పలాస నుంచి చుట్టాలు తెచ్చిన జీడిపప్పు నూకైనా. ఏమీ మిగల్లేదంటే ఇంకా సంతోషం, చేతులూపుకుంటూ రమ్మనండి, తినడానికి వాళ్ళూ కావాలి. జీడిపప్పు, వేరుశెనగ పడని పిల్లలుంటే మాత్రం క్లాస్ టీచర్‌కి ముందే కాగితం మీద రాసి పంపండి, నోటి మాట చెప్తే మర్చిపోతాం.

ఇంకొకటి, ఒక్క కుక్కర్‌తో అంతమందికి అవ్వదు, మా ఇంటి కుక్కర్ అడిగే ధైర్యం నాకు లేదు. ఎవరింట్లోనైనా అటక మీద పాత ఐదు లీటర్లదో ఏడు లీటర్లదో ఉంటే ఆ ఒక్క రోజుకి ఇవ్వండి, విజిల్ పోయినా గ్యాస్కెట్ లేకపోయినా పర్లేదు, అవి మాకెలాగూ అక్కర్లేదు.

మీ హెడ్‌మాస్టారు