గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం

శ్రీకాకుళం,
ఆదివారం రాత్రి.

ఒరే శీనూ,

ఎలాగున్నావురా? మొన్న ఫోన్లో "పనులు రాసుకోడానికి ఏ యాప్ మంచిదిరా" అని అడిగి, నేను నోరు తెరిచేలోగా మీటింగుందని పెట్టేశావు. అందుకే ఉత్తరం. దీన్నయితే మధ్యలో కట్ చెయ్యలేవు కదా.

మా అమ్మ సంగతి నీకు తెలుసు. ఏదైనా గుర్తుంచుకోవాలంటే కొంగుకి ముడేస్తుంది. సాయంత్రం ఆ ముడి చూసుకుని "ఇదెందుకేశానురా?" అని నన్నే అడుగుతుంది. నేనేమో అరచేతి మీద పెన్నుతో రాసుకునేవాణ్ణి. కానీ మాఘమాసంలో వరసగా నాలుగు పెళ్లిళ్లకి ఫొటోలు తియ్యాల్సొస్తే ఛార్జింగ్ పెట్టాల్సిన బ్యాటరీలు, ఖాళీ చెయ్యాల్సిన మెమొరీ కార్డులు, కరిజ్మా ఆల్బమ్‌కి ఫొటోలు ఏరి పంపని పెళ్లికూతురు, బాకీ ఇవ్వని మేనమామ... వీటికి అరచెయ్యేటి, ఒళ్లంతా చాలదు.

మొదట వుండర్‌లిస్ట్ అనే యాప్ వాడేవాణ్ణి. దాన్ని 2015లో మైక్రోసాఫ్ట్ కొనేసింది, 2020 మే 6న మూసేసింది. లిస్టుల్ని మైక్రోసాఫ్ట్ టు డూలోకి తెచ్చుకోమన్నారు, తెచ్చుకున్నాను. లాక్‌డౌన్ రోజులవి, పెళ్లిళ్లు లేవు, స్టూడియో షట్టర్ మూసే ఉంది. ఆ ఖాళీలో దొరికిన యాపల్లా దించాను. టిక్‌టిక్‌లో పొమొడోరో గడియారం ఉంటుంది, 25 నిమిషాలు పని, తర్వాత కాస్త విరామం. ఆఫీసులో కూర్చునే నీకు పనికొస్తుందేమో గానీ, తలంబ్రాల మధ్యలో నాకు విరామమేటిరా! టోడోయిస్ట్‌లో ఇంగ్లీషులో "ఎవ్రీ మండే" అని కొడితే చాలు, ప్రతి సోమవారానికీ పనిని అదే పెట్టేస్తుంది. ముచ్చటేసింది. "ప్రతి సోమవారం" అని తెలుగులో కొట్టాను, ఉలుకూ లేదు పలుకూ లేదు. నెల తిరిగేసరికి నాకు రంగులు, లేబుళ్లు, ఉపలిస్టులు తయారయ్యాయి. చెయ్యడానికి పని మాత్రం ఒక్కటీ లేదు.

అసలు కథ పెళ్లిళ్లు మళ్లీ మొదలయ్యాక జరిగింది. ఆమదాలవలసలో పెళ్లి. శుభలేఖ మీద "గురువారం రాత్రి 2 గంటల 14 నిమిషాలకు (తెల్లవారితే శుక్రవారం)" అని ఉంది. నేను బుద్ధిగా గురువారం తేదీ పెట్టి, ఒంటిగంటకి రిమైండర్ పెట్టుకున్నాను. మనకి సూర్యుడు వస్తేనే రోజు మారుతుంది, ఫోన్‌కి అర్ధరాత్రి పన్నెండుకే మారిపోతుంది కదరా! బుధవారం పడుకున్నానా, నడిరాత్రి ఒంటిగంటకి మోగింది. గాభరాగా లేచి, ప్యాంటూ చొక్కా వేసుకుని, బ్యాగు భుజాన తగిలించుకుని వీధి తలుపు తీస్తున్నాను. మా ఆవిడ లేచి "పెళ్లి రేపు రాత్రి కదండీ" అంది. ఒకరోజు ముందు మోగింది కాబట్టి బతికిపోయాను. ఒకరోజు ఆలస్యంగా మోగి ఉంటే ఆ ఊళ్లో మళ్లీ అడుగుపెట్టేవాణ్ణా? ఇప్పుడు ముహూర్తం అర్ధరాత్రి దాటితే తేదీ ఒకటి పెంచి, పక్కన "తెల్లవారితే" అని కూడా రాసుకుంటాను.

ఇంకోటి. ఏ యాప్ పెట్టుకున్నా ముందు ఫోన్ సెట్టింగుల్లోకెళ్లి దానికి బ్యాటరీ ఆంక్షలు తీసెయ్. కొన్ని ఫోన్లు ఛార్జింగ్ మిగుల్చుదామని వెనకాల నడిచే యాప్‌ని పడుకోబెట్టేస్తాయి. కళింగపట్నం బీచిలో ప్రీ వెడ్డింగ్ షూట్‌కి తెల్లారగట్ల నాలుగింటికి మోగాల్సింది ఆరింటికి మోగింది నాకు. సూర్యోదయం మన కోసం ఆగదు కదా.

చివరికి టు డూ దగ్గరే ఆగాను. ఎందుకంటావా, అందులో "మై డే" అని ఒక పేజీ ఉంది. రోజూ అర్ధరాత్రి తుడిచేసినట్టు ఖాళీ అయిపోతుంది. మిగిలిన పనులు లిస్టుల్లోనే భద్రంగా ఉంటాయి, పొద్దున్నే వాటిలోంచి ఇవాళ్టివి మాత్రం ఏరుకోవాలి. నేను ఐదు దాటనివ్వను. ఇంటి సరుకులకి గూగుల్ కీప్, అదీ మా ఆవిడతో కలిపి. తను ఇంట్లోంచి "కందిపప్పు" అని ఎక్కిస్తే నేను కొట్లో టిక్కు పెడతాను. చేతిలో కెమెరా ఉన్నప్పుడు కీబోర్డు మీద మైకు నొక్కి తెలుగులోనే చెప్తాను, రాసేస్తుంది. ఒకసారి "ఆల్బమ్ బాకీ" అంటే "ఆల్బమ్ బాగుంది" అని రాసుకుంది, డబ్బులు నెల లేటయ్యాయి.

నీకైతే, ఆఫీసు మెయిలు జీమెయిల్లోనే అంటున్నావు కాబట్టి గూగుల్ టాస్క్స్‌తో మొదలెట్టు. మెయిలు పక్కనే ఉంటుంది, తేదీ పెడితే క్యాలెండర్‌లోనూ కనిపిస్తుంది. రెండు వారాలు చూడు, నచ్చకపోతే ఒగ్గేయ్. డబ్బులు కట్టేవాటి జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకు.

అన్నట్టు, నా లిస్టులో నీ పేరు మీద కూడా ఒకటుంది: "శీనుగాడి దగ్గర ట్రైపాడ్ తెచ్చుకోవాలి". 2022 నుంచీ ఉంది. గడువు దాటిన పనుల్లో రోజూ పొద్దున్నే ముందు అదే కనిపిస్తోంది. రథసప్తమికి అరసవల్లి వస్తానన్నావు కదా, వస్తూ వస్తూ పట్టుకురా.

నీ
రాజు