ఐదేళ్లకు రెండు రోజుల చదువు సరిపోతుందా? వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను కరీంనగర్ జిల్లాలోని ఒక మండల కేంద్రంలో మెడికల్ షాపు నడుపుకునే రిజిస్టర్డ్ ఫార్మసిస్టును. చదువు ముగిశాక మందుల సంగతులు మళ్లీ నేర్చుకునే మా రిఫ్రెషర్ కోర్సుల గురించి మీతో నాలుగు మాటలు చెప్పాలని రాస్తున్నాను.

2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ ప్రకారం రిజిస్ట్రేషన్ రెన్యువల్ కావాలంటే ఐదేళ్లలో కనీసం రెండు రిఫ్రెషర్ కోర్సులకు వెళ్లాలి. ఒక్కోటి కనీసం ఒక రోజు. అంటే ఐదేళ్లకు రెండు రోజులు చదివితే చాలు. ఆ రోజైనా ఎట్లా గడుస్తుందో చెప్తాను. ఫంక్షన్ హాలు, శాలువాలు, ఇంగ్లిష్‌లో స్లైడ్లు, భోజనం, సాయంత్రం సర్టిఫికెట్. నేను వెళ్లిన ఒక కోర్సులో చట్టాల చరిత్ర మీద పెద్ద ఉపన్యాసమే ఇచ్చారు, ఇన్సులిన్ మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఇన్సులిన్ వయల్స్‌లో, అంటే చిన్న సీసాల్లో, మిల్లీలీటరుకు 40 యూనిట్లవి ఉన్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి. సిరంజిలూ రెండు రకాలే: 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. 100 ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు. షుగర్ ఒక్కసారిగా పడిపోయి మనిషి ప్రాణం పోవచ్చు. తిరగేసి 40 ఇన్సులిన్‌ను నారింజ మూత సిరంజిలో లాగితే, 20 అనుకున్నది 8 యూనిట్లే. షుగర్ దిగడం లేదని డాక్టరు డోసు పెంచుతారు. తర్వాత ఎప్పుడో ఇంకో షాపులో సరైన సిరంజి దొరికిన రోజున, పెంచిన డోసంతా ఒంట్లోకి పోయి అసలు ప్రమాదం వస్తుంది. "ఏదో ఒక సిరంజి ఇవ్వన్నా" అని అడిగే మనిషిని ఆపి, వయల్ చూపించమని అడగాల్సింది కౌంటర్ దగ్గరున్నవాళ్లే.

కీళ్లవాతానికి రాసే మెథోట్రెక్సేట్ కూడా ఇట్లాంటిదే. అది వారానికి ఒక్కసారి వేసుకునే గోలీ. బీపీ గోలీలాగా రోజూ వేసుకుంటే నోరంతా పుండ్లు పడతాయి, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం మీదికొస్తుంది. "వారంలో ఏ రోజు వేసుకుంటున్నవమ్మా?" అని అడిగి స్ట్రిప్ మీద పెన్నుతో రాసివ్వడానికి నిమిషం కూడా పట్టదు. ఇక ఆయాసానికి పీల్చాల్సిన క్యాప్సూల్‌ను నీళ్లతో మింగేసేవాళ్ల సంగతి ఏ ఫార్మసిస్టును అడిగినా చెప్తారు.

కొత్త హెచ్చరికలైతే కోర్సు తేదీ చూసుకుని రావు కదా. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందు నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని కేంద్రం చెప్పింది 2023 డిసెంబర్‌లో. ఆ నెలే కోర్సు ముగించుకున్నవాళ్లకు తర్వాతి కోర్సులో ఆ సంగతి తెలిసేసరికి ఏళ్లు గడుస్తాయి.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. రెండు నెలలకోసారి ఏరియా ఆసుపత్రిలో ఒక గది ఇప్పించండి, ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు చాలు. పాఠం తెలుగులో ఉండాలి, స్థానికంగా వస్తున్న మందుల చీటీల చుట్టూ ఉండాలి. చెప్పేవాళ్లకూ కొదవ లేదు. 2008లో మొదలైన ఆరేళ్ల ఫార్మ్-డి (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) కోర్సు చదివి, వార్డుల్లో పనిచేసే అవకాశం లేక హైదరాబాద్ కంపెనీల్లో కంప్యూటర్ల ముందు కూర్చున్న పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్లకు గౌరవ వేతనం ఇవ్వండి. మా వంతు ఫీజు మేం కడతాం.

ఇంకొకటి. ఇది రాస్తే నా తోటి షాపులవాళ్లకు కోపం వస్తుందని తెలుసు. చాలాచోట్ల గోడకు వేలాడేది ఒకరి సర్టిఫికెట్, మందులిచ్చేది ఇంకొకరు. అద్దె సర్టిఫికెట్ మనిషి కోర్సుకు వెళ్లి సంతకం పెట్టి వస్తే రోగికి ఒరిగేదేమీ లేదు. అందుకే నేర్చుకున్నదానికి ఒక పరీక్ష కూడా ఉండాలి. అది కోర్సు జరిగే హాల్లో కాదు, షాపులోనే పెట్టండి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ తనిఖీకి వచ్చినప్పుడు ఒక ఫార్మ్-డి పట్టభద్రుణ్ణి వెంట తెచ్చుకుని, "ఈ ఇన్‌హేలర్ ఎట్లా వాడాలో చూపించండి, ఈ వయల్‌కు ఏ సిరంజి ఇస్తారు?" అని కౌంటర్ దగ్గరున్న మనిషినే అడగాలి. రిజిస్టర్డ్ ఫార్మసిస్టు అక్కడ లేకపోతే ఆ సంగతీ అప్పుడే బయటపడుతుంది. రెన్యువల్‌కు ఆ పరీక్ష ఫలితాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

రాష్ట్రమంతా ఒకేసారి కష్టమైతే ఒక్క రెవెన్యూ డివిజన్‌లో ఏడాది నడిపి చూడండి. అది మా డివిజన్ అయితే నా షాపుతోనే మొదలుపెట్టండి, ముందుగా చెప్పి రానక్కర్లేదు.

ఇట్లు,
ఒక రిజిస్టర్డ్ ఫార్మసిస్టు,
కరీంనగర్ జిల్లా