కొండనీళ్లు చూడటానికి ఘాట్ మలుపులో నిలబడాలా?

సంపాదకులకు నమస్కారం.

గత కార్తికంలో తుఫాను వానలు తెరిపి ఇచ్చిన మర్నాడు రాయచోటి నుంచి కడపకు బస్సులో వస్తున్నాను. గువ్వలచెరువు ఘాట్‌లో కొండవాలు మీదుగా నీళ్లు తెల్లగా దూకుతున్నాయి. మలుపులోనే నాలుగు కార్లు, ఏడెనిమిది బైకులు ఆగి ఉన్నాయి. ఒకాయన భార్యాబిడ్డలను బండల ముందు నిలబెట్టి, మనుషులూ నీళ్లూ ఒకే ఫొటోలో పట్టాలని ఫోను చూసుకుంటూ వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. మా బస్సు ముందు దిగుతున్న లారీ కీచుమంటూ ఆగింది. బంపరుకూ ఆయన వీపుకూ మధ్య మూరెడు దూరం మిగిలింది.

ఆయనను తప్పుపట్టడానికి నాకు మనసు రాలేదు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండకు కాలిన బండలనే చూసే వాళ్లం. కొండ మీంచి నీళ్లు దూకితే మనకు అది పండగే. పిల్లలకు చూపించకుండా ఎలా ఉండగలం? నాలుగు రోజుల నీళ్ల కోసం ఏర్పాట్లెందుకని కొందరంటారు. నాలుగు రోజులే కాబట్టే జనమంతా ఒక్కసారిగా వచ్చిపడతారు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

అంతకు ముందు వేసవిలో అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు మల్ట్‌నోమా జలపాతం చూశాను. అదీ రోడ్డు పక్కదే. 620 అడుగుల ఎత్తు, రెండు అంచెలు. ఊటనీరు ఉండటంతో ఏడాది పొడవునా పారుతుంది. కార్లు నిలిపే చోటు హైవే రెండు దారుల నడుమ ఉంది. అక్కడ దిగినవాళ్లు రోడ్డుకు అడ్డం పడనక్కర లేకుండా దాని కింది నుంచి నడకదారి వేశారు. కింది అంచెకు ఎగువన 1914లో కట్టిన కాలివంతెన ఉంది. తుంపర పడి ఫోను అద్దం మసకబారుతుంటే పైటచెంగుతో తుడుచుకుంటూ తీరిగ్గా ఫొటోలు తీసుకున్నాను. చంటిబిడ్డల తల్లులు, చేతికర్రల ముసలివాళ్లు కూడా బెదురు లేకుండా నిలబడి చూశారు.

అంత పెద్ద కట్టడాలు నేను అడగడం లేదు. మన ఘాట్‌లో రోడ్డు వెడల్పుగా ఉన్న ఒక్క చోటు చూసి, బళ్లు పక్కకు దిగి ఆగేలా చదును చేసి, నడుమెత్తు గోడ కట్టాలి. మలుపుల్లో ఆగరాదని పెద్ద అక్షరాల బోర్డులు పెట్టి, నీళ్లు పారే రోజుల్లో ఇద్దరు పోలీసులను నిలపాలి. కడపను ఆనుకుని ఉన్న పాలకొండల జలపాతం దగ్గర పాచిబండల మీదికి కుర్రాళ్లు ఎక్కకుండా కమ్మీలు, మడుగు లోతు చెప్పే బోర్డు కావాలి. సెల్ఫీ కోసం బండ అంచుకు పోయే బిడ్డను ఆపడానికి ప్రతిసారీ తల్లిదండ్రులు పక్కన ఉండరు.

మరో సంగతి. మల్ట్‌నోమా పరిసరాల అడవి 2017లో ఒక కుర్రవాడు విసిరిన టపాకాయతో అంటుకుని వేల ఎకరాలు కాలిపోయింది. మన కొండల్లో ఎర్రచందనం ఉంది. ఆగే చోటు ఏర్పరిస్తే అక్కడ సిగరెట్లు, వంట మంటలు లేకుండా కాపలా కూడా ఉండాలి.

వానలు మొదలయ్యాక పనులు సాగవు. అధికారులు ఈ వేసవిలోనే ఘాట్‌కు వచ్చి స్థలం చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, కడప